ఆంబర్‌లిస్ట్-15: సరుకు మంచిదే, నీళ్లు తీసే పని మాత్రం మీదే

ఎస్టర్లు, అంటే ఆమ్లం, ఆల్కహాల్ కలిస్తే వచ్చే పదార్థాలు, చేసే ల్యాబ్‌లో ఏదో ఒక అరలో ఈ గోధుమ రంగు పూసల డబ్బా తప్పకుండా ఉంటుంది. ఆంబర్‌లిస్ట్-15, పొడి రకం. నేను దీన్ని చాలాకాలంగా వాడుతున్నాను, కొత్తగా తెప్పించుకుందామా అని చూస్తున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. దీంతో రియాక్షన్ సల్ఫ్యూరిక్ యాసిడ్ కన్నా వేగంగా అయిపోతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. వేగంలో ఇది దానికి సాటి రాదు, చాలాసార్లు వెనకబడుతుంది కూడా. దీన్ని తెచ్చుకునేది రియాక్షన్ అయ్యాక ఉండే చాకిరీ తప్పించుకోవడానికి. ఆ లెక్కతో చూస్తే నాకైతే గిట్టుబాటు అయింది.

అసలు ఇదేంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది ఆమ్ల క్యాటలిస్ట్, అంటే తను ఖర్చవకుండా రియాక్షన్ వేగం పెంచేది. స్టైరీన్, డైవినైల్ బెంజీన్ కలిపి చేసిన ప్లాస్టిక్ పూసలు, ఒక్కోటి మిల్లీమీటర్ కన్నా చిన్నది, లోపలంతా చిల్లులు. ఆ చిల్లుల గోడలకు సల్ఫోనిక్ ఆమ్ల గుంపులు అతుక్కుని ఉంటాయి. అంటే టోల్యూన్ సల్ఫోనిక్ యాసిడ్‌ను తీసుకెళ్లి ప్లాస్టిక్‌కి కట్టేసినట్టే అనుకోండి. గ్రాము పొడి పూసల్లో సుమారు 4.7 మిల్లీమోల్ ఆమ్లం ఉంటుంది, ఇది తక్కువేం కాదు. జెల్ రకం రెజిన్లు (ఇలాంటి ప్లాస్టిక్ పూసలే) తడిసి ఉబ్బితే గానీ లోపలికి దారి ఇవ్వవు, దీని చిల్లులు శాశ్వతంగా తెరుచుకునే ఉంటాయి కాబట్టి టోల్యూన్, సైక్లోహెక్సేన్ లాంటి వాటిలో కూడా పనిచేస్తుంది. నిజానికి దీని అసలు ప్రత్యేకత అదే, డబ్బా మీద మాత్రం అది ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఐసోఅమైల్ ఎసిటేట్ చేసేటప్పుడు దీని గుణం బాగా తెలుస్తుంది, అందుకే కొత్తవాళ్లకు నేను ముందు అదే చేయమంటాను. అర మోల్ ఎసిటిక్ యాసిడ్, అంటే 30 గ్రాములు, దానికి 0.6 మోల్ ఐసోఅమైల్ ఆల్కహాల్, కొంత సైక్లోహెక్సేన్, రెండు మూడు గ్రాముల పూసలు, పైన ఆవిరితో వచ్చే నీళ్లను వేరుచేసి పట్టే డీన్-స్టార్క్ గొట్టం. మరగడం మొదలయ్యాక కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత గొట్టంలోకి దిగే ద్రవం మసకబారుతుంది, ఆ మసకలోంచి చిన్న చిన్న నీటి బొట్లు విడిపోయి గాజు అంచు పట్టుకుని జారి అడుగున చేరతాయి. లెక్క ప్రకారం 9 మిల్లీలీటర్లు రావాలి. కాస్త ఎక్కువే కనిపించొచ్చు, ఎందుకంటే ఆ నీళ్లలో కొంత ఎసిటిక్ యాసిడ్ కూడా కలిసి దిగుతుంది, చూసి అయిపోయిందని సంబరపడి వేడి ఆపేయకండి, జీసీలో, అంటే గ్యాస్ క్రోమటోగ్రఫీ యంత్రంలో, ఒక చుక్క వేసి చూసుకోండి. ఈలోగా గదంతా మాగిన అరటిపండు వాసన. అన్నట్టు తేనెటీగలు కుట్టినప్పుడు తోటివాటిని రెచ్చగొట్టడానికి వదిలేది కూడా ఇదే పదార్థం, కాబట్టి చుట్టుపక్కల తేనెపట్టు ఉంటే కిటికీలు మూసుకోవడమే మంచిది.

చల్లారాక పూసలు అడుగున కూర్చుంటాయి. పైది వంచేసుకుంటే, లేదా దూది గుండా వడగడితే సరి. సల్ఫ్యూరిక్ యాసిడ్ అయితే ఇక్కడి నుంచే అసలు కథ. బైకార్బొనేట్ పోయడం, నురగ పొంగడం, సెపరేటింగ్ ఫనెల్ మూత ఎగిరిపోకుండా గాలి వదులుతూ ఉండటం, తర్వాత ఎమల్షన్ కట్టి రెండు పొరలూ విడిపోనని మొండికేయడం. పూసలతో ఆ ఉప్పునీళ్ల బక్కెట్లు చాలావరకు తప్పుతాయి, మిగిలిన ఎసిటిక్ యాసిడ్ కోసం ఒక చిన్న కడుగు వేస్తే చాలు. నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఇక్కడ చాలామంది ఫిర్యాదు చేసే విషయం ఒకటుంది. "పూసలు ఎంత వేసినా రియాక్షన్ సగంలో ఆగిపోతోంది, క్యాటలిస్ట్ బాగాలేదు" అని. క్యాటలిస్ట్ తప్పేం లేదు అక్కడ. ఆమ్లం, ఆల్కహాల్ కలిస్తే ఎస్టర్‌తో పాటు నీళ్లు కూడా పుడతాయి, ఆ నీళ్లు మళ్లీ ఎస్టర్‌ను విరగ్గొడతాయి. ఈ సంగతి 1862లోనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త బెర్తెలో, ఆయన సహచరుడు పెయాన్ ద సాన్-జిల్ ఇద్దరూ కొలిచి చూపించారు, ఆమ్లం-ఆల్కహాల్ వైపు నుంచి మొదలుపెట్టినా, ఎస్టర్-నీళ్ల వైపు నుంచి మొదలుపెట్టినా చివరికి ఒకే చోట ఆగుతుందని. ఎసిటిక్ యాసిడ్, ఇథనాల్ జతకి సమతా స్థిరాంకం సుమారు 4. సమానంగా కలిపితే మూడింట రెండు వంతుల దగ్గర ఆగిపోతుంది, మీరు కిలో పూసలు పోసినా అక్కడే. ఇథనాల్ మూడు రెట్లు వేస్తే 90 శాతం దాకా, పది రెట్లు వేస్తే 97 దాకా వెళ్తుంది. ఆ తర్వాత అంత ఇథనాల్‌నీ ఆవిరి చేసుకోవాలి, అది వేరే తలనొప్పి. లేదా నీళ్లు పుట్టినవి పుట్టినట్టు బయటకు తీసేయాలి. 1895లో ఫిషర్, స్పేయర్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఆమ్లాన్ని క్యాటలిస్ట్‌గా పెట్టి ఈ పద్ధతికి పేరు తెచ్చినప్పుడు కూడా మారింది వేగమే, గమ్యం మారలేదు.

ఈ పూసల విషయంలో నీళ్లు రెండో దెబ్బ కూడా కొడతాయి. సల్ఫోనిక్ గుంపులకు నీళ్లంటే మహా ప్రీతి. పుట్టిన నీళ్లు ముందు వాటి చుట్టూనే చేరిపోతాయి, ఆల్కహాల్, ఆమ్లం లోపలికి రావడానికి చోటు దొరకదు, దొరికినా ప్రోటాన్ బలం తగ్గి ఉంటుంది. సమతాస్థితికి ఇంకా దూరంగా ఉన్నప్పుడే రియాక్షన్ నత్తనడక పడుతుందంటే కారణం ఎక్కువగా ఇదే. డీన్-స్టార్క్ పెట్టగానే వేగం కూడా పుంజుకోవడం అందుకే.

పొడి రకమా తడి రకమా అన్నది కూడా ఇందుకే ముఖ్యం. తడి రకంలో బరువులో సగం పైనే నీళ్లు. ఒక సరఫరాదారు నాకు పొడి రకం అడిగితే తడిది పంపాడు, బిల్లు మీద, డబ్బా మీద పేరు ఒకటే, చివర ఒక చిన్న మాట తేడా. అడిగితే "రెండూ ఒకటేనండీ, ఆరబెట్టుకోండి" అన్నాడు. ఆరబెట్టుకోవచ్చు, నిజమే. ముందు మెథనాల్‌తో కడిగి, వాక్యూమ్ ఓవెన్‌లో 100 డిగ్రీల లోపు రాత్రంతా ఉంచితే సరిపోతుంది. కానీ అది తెలియకుండా తూకం వేసేవాడు సగం క్యాటలిస్ట్ వేసి, సగం నీళ్లు తనే పోసినట్టు అవుతుంది కదా. డబ్బా తెరవగానే పూసలు విడివిడిగా గలగలా జారితే పొడిది, చెంచాకి ముద్దగా అతుక్కుంటే తడిది. లేబుల్ కన్నా ఈ పరీక్ష మీద నాకు నమ్మకం ఎక్కువ.

కొత్త డబ్బాలోంచి తీసి నేరుగా ఫ్లాస్క్‌లో వేయకండి. మెథనాల్‌లో నానబెడితే మొదటి కడుగులో పసుపు-గోధుమ రంగు దిగుతుంది, తయారీలో మిగిలిపోయిన చిన్న చిన్న సల్ఫోనిక్ ముక్కలు అవి. రంగు దిగడం ఆగేదాకా కడగాలి. కడగకుండా వేస్తే రియాక్షన్ మామూలుగానే జరుగుతుంది, ఇంకా చెప్పాలంటే కాస్త జోరుగానే జరుగుతుంది, ఎందుకంటే ఆ కరిగిన ఆమ్లం కూడా పనిచేస్తుంది. తర్వాత డిస్టిలేషన్‌లో ఆ ఆమ్లం అడుగున చేరి సరుకు నల్లబడినప్పుడు తెలుస్తుంది. రెజిన్ మొదటి బ్యాచ్‌లో బ్రహ్మాండంగా పనిచేసి రెండో బ్యాచ్ నుంచి తగ్గిందని చెప్పేవాళ్లలో కొందరి రహస్యం ఇదే అని నా అనుమానం.

కలపడం గురించి. మాగ్నెటిక్ బార్ వద్దు. బార్‌కీ గాజు అడుగుకీ మధ్య పడి పూసలు నలిగి పిండైపోతాయి, ఆ పిండి ఫిల్టర్ పేపర్ రంధ్రాలు మూసేస్తుంది, దాటినది ఎస్టర్‌లోకి పోతుంది. పైనుంచి తిప్పే స్టిర్రర్ పెట్టండి, నెమ్మదిగా, పూసలు లేచి తేలాడేంత వేగం చాలు. లేదంటే పూసల్ని ఒక కాలమ్‌లో నింపి ద్రవాన్నే పంపుతో తిప్పండి, నాకు ఇది ఇంకా నచ్చింది. పెద్ద ఎత్తున చేసేవాళ్లు వీటిని తీగ వలల సంచుల్లో కట్టి డిస్టిలేషన్ కాలమ్ లోపలే వేలాడదీస్తారు, అక్కడికక్కడే రియాక్షన్, అక్కడికక్కడే వేరుచేయడం.

ఆ మాటకొస్తే అన్నిటికీ రెజినే గొప్ప అనడానికి కూడా లేదు. ఇలా రియాక్షన్, డిస్టిలేషన్ ఒకేచోట జరిపే రియాక్టివ్ డిస్టిలేషన్ అనగానే అందరూ చెప్పే ఈస్ట్‌మన్ కంపెనీ వాళ్ల మిథైల్ ఎసిటేట్ కాలమ్ 1980ల్లో వచ్చింది, ఒక్క కాలమ్ పెట్టి పాత ప్లాంట్‌లోని బోలెడు పరికరాలు తీసేశారు, అందులో క్యాటలిస్ట్ మన పాత సల్ఫ్యూరిక్ యాసిడే. నీళ్లు, ఎస్టర్ వేరయ్యే దారి సరిగ్గా కుదిరితే క్యాటలిస్ట్ ఏదన్నది రెండో ప్రశ్న అయిపోతుంది.

వేడి హద్దు 120 డిగ్రీలు. ఇది ఊరికే రాసిన అంకె కాదు. దాటితే సల్ఫోనిక్ గుంపులు ప్లాస్టిక్ నుంచి ఊడి ద్రవంలోకి వస్తాయి, ఒకపక్క క్యాటలిస్ట్ చచ్చిపోతుంది, ఇంకోపక్క మీ సరుకులో ఆమ్లం చేరుతుంది. ఐసోఅమైల్ ఎసిటేట్ మరిగేది 142 దగ్గర, ఆల్కహాల్ 131 దగ్గర, కాబట్టి సాల్వెంట్ లేకుండా నీళ్లు తీస్తూ పోతే ఫ్లాస్క్ వేడి చివర్లో హద్దు దాటిపోతుంది. సైక్లోహెక్సేన్ గానీ టోల్యూన్ గానీ వేసేది నీళ్లు మోయడానికే కాదు, వేడిని అదుపులో పెట్టడానికి కూడా. టోల్యూన్ 110-111 దగ్గర మరుగుతుంది, హద్దు లోపలే.

ఇక దీనికి ఏం పెట్టకూడదో చూద్దాం. టెర్షియరీ ఆల్కహాల్స్ (ఓహెచ్ ఉన్న కార్బన్‌కి ఇంకో మూడు కార్బన్లు అతుక్కున్నవి) పెట్టకండి, నీటి అణువు ఊడిపోయి ఆల్కీన్ అవుతుంది. టెర్ట్-బ్యూటనాల్ పోస్తే ఐసోబ్యూటీన్ బుడగలు వస్తాయి, ఎస్టర్ కోసం చూస్తూ కూర్చోవాల్సిందే. ఇదే పూసల మీద ఐసోబ్యూటీన్‌కి నీళ్లు కలిపి టెర్ట్-బ్యూటనాల్ చేస్తారు, మెథనాల్ కలిపి పెట్రోల్‌లో వేసే ఎంటీబీఈ చేస్తారు, అంటే దారి రెండు వైపులా తెరిచే ఉంది. మెథనాల్‌తో వేడి ఎక్కువైతే కొంత డైమిథైల్ ఈథర్‌గా పోతుంది. ఫినాల్స్‌తో నీరసంగా ఉంటుంది. అణువులో ఏదో ఒక భాగం చెడకుండా తాత్కాలికంగా తొడిగిన బాక్, టీహెచ్‌పీ, సన్నపాటి సిలిల్ రక్షణలు ఉంటే అవి ఊడిపోతాయి. టీహెచ్‌పీ ఊడగొట్టడానికే మెథనాల్‌లో ఈ పూసలు వేసేవాళ్లున్నారు, ఆ పనికి నిజంగా బాగుంటుంది, వడగడితే అయిపోయింది. ఎమీన్ (నైట్రోజన్ ఉన్న క్షారం) ఉన్నదేదీ దగ్గరికి రానీయకండి, ఆమ్లం మీద ఉప్పులా అతుక్కుని కూర్చుంటుంది. నూనెల్లోని ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లను మిథైల్ ఎస్టర్లుగా మార్చడానికి పనికొస్తుంది, కానీ నూనెలో అసలు భాగమైన ట్రైగ్లిజరైడ్ అణువు లావు, చిల్లుల్లోకి దూరి రావడానికి గంటలు పడుతుంది. దానికి సోడియం మెథాక్సైడ్ ముందు ఇది నిలబడదు. ముందు పూసలతో ఫ్రీ ఆమ్లం వదిలించుకుని, లేకపోతే సబ్బు కడుతుంది కదా, తర్వాత మెథాక్సైడ్‌కి వెళ్లడం మంచి పద్ధతి.

సున్నితమైన అణువులైతే నేను ఈ డబ్బా పక్కన పెట్టి నోవోజైమ్ 435 తీస్తాను. ఇదీ పూసలే, కాకపోతే ఆమ్లం బదులు కాండిడా అంటార్కటికా అనే ఈస్ట్ లైపేజ్ ఎంజైమ్‌ను యాక్రిలిక్ రెజిన్ మీద కూర్చోబెట్టారు. 60 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది, రంగు రాదు, వాసన రాదు, అందుకే కాస్మెటిక్స్‌లో వాడే మిరిస్టిల్ మిరిస్టేట్ లాంటి మైనపు ఎస్టర్లకు దీన్ని పెద్ద ఎత్తున వాడతారు. ఇక 1-ఫినైల్ ఇథనాల్‌కి ఎడమ, కుడి చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబమైన ఆర్, ఎస్ అనే రెండు రూపాలుంటాయి, వాటి మిశ్రమానికి వినైల్ ఎసిటేట్ కలిపి ఇది వేస్తే చూడాలి, ఆర్ రూపం ఎసిటేట్ అవుతుంది, ఎస్ రూపం ఆల్కహాల్‌గానే ఉండిపోతుంది, సగం దగ్గర ఠక్కున ఆగుతుంది. వినైల్ ఆల్కహాల్ వెంటనే ఎసిటాల్డిహైడ్ అయి ఎగిరిపోతుంది కాబట్టి వెనక్కి వచ్చే దారే లేదు, నీళ్ల గొడవే లేదు. ఆంబర్‌లిస్ట్ ఈ పని చేయలేదు, దానికి ఎడమా కుడీ తెలియదు. కానీ మెథనాల్ ఒకేసారి ఎక్కువ పోస్తే ఎంజైమ్ పడిపోతుంది, కొద్దికొద్దిగా పోయాలి. ఈ పూసలు ఆంబర్‌లిస్ట్ కన్నా ఇంకా పెళుసు, నీళ్లలో వేస్తే ఎంజైమ్ జారిపోవచ్చు. మిల్లీగ్రాముల్లో దొరికే అపురూపమైన ఆమ్లం చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఈ రెండూ వదిలేసి 1978 నాటి స్టెగ్లిష్ పద్ధతే, ఆమ్లాన్ని ఆల్కహాల్‌తో కలిపే డీసీసీ, దానికి తోడు క్యాటలిస్ట్ డీమ్యాప్ వేసుకోండి. డీసీసీ నుంచి పుట్టే యూరియా తెల్లగా పేరుకుంటుంది, కాలమ్‌లో కూడా వెంటపడుతుంది, డీసీసీ చర్మానికి తగిలితే ఎలర్జీ, అయినా దిగుబడి చేతికొస్తుంది.

చాలామంది అడిగే ఇంకో ప్రశ్న, ఎస్టర్ నుంచి ఆల్కహాల్ చేయడానికి ఈ పూసలు పనికొస్తాయా అని. సగం అవును. మిథైల్ ఎసిటేట్‌కి నీళ్లు కలిపి ఈ జాతి రెజిన్ల మీదుగా పంపితే మెథనాల్, ఎసిటిక్ యాసిడ్ తిరిగి వస్తాయి, పాలీవినైల్ ఆల్కహాల్ తయారీలో మిగిలే మిథైల్ ఎసిటేట్‌ను అలాగే మళ్లీ వాడుకుంటారు. కానీ ఎస్టర్‌లోని ఆమ్లం భాగాన్నే ఆల్కహాల్‌గా మార్చాలంటే హైడ్రోజన్ కావాలి, అది ఆమ్ల పూసల చేతిలో లేదు. లిథియం అల్యూమినియం హైడ్రైడ్ చేస్తుంది గానీ అది క్యాటలిస్ట్ కాదు, ఖర్చయిపోయే సరుకు, పైగా చివర్లో అల్యూమినియం జిగురు వడగట్టలేక ప్రాణం విసుగుతుంది. 1930ల నుంచి కాపర్ క్రోమైట్ ఉంది, కొవ్వు ఆల్కహాల్స్ చాలాకాలం దాని మీదే నడిచాయి, 200 బార్, 200 డిగ్రీలు పైమాటే, మామూలు ల్యాబ్‌కి అది కాని పని, క్రోమియం వ్యర్థాల బెడద వేరే.

ఈ వైపు నాకు బాగా నచ్చింది రుథీనియం పిన్సర్ రకం, అంటే లోహాన్ని మూడు చోట్ల పట్టకారులా పట్టుకునే అణువున్న క్యాటలిస్ట్. 2006లో ఇజ్రాయెల్ రసాయన శాస్త్రవేత్త మిల్‌స్టెయిన్ బృందం 5 బార్ పైచిలుకు హైడ్రోజన్, 115 డిగ్రీలతో ఎస్టర్లను ఆల్కహాల్స్‌గా మార్చి చూపించింది. అంతకు ముందు ఏడాదే వాళ్లు ఇదే జాతి క్యాటలిస్ట్‌తో ఆల్కహాల్స్ నుంచి హైడ్రోజన్ ఊడగొట్టి నేరుగా ఎస్టర్ చేశారు, నీళ్లే పుట్టవు, హైడ్రోజన్ వాయువు వెళ్లిపోతుంది అంతే. మూత తెరిస్తే ఎస్టర్ వైపు, మూసి హైడ్రోజన్ నింపితే ఆల్కహాల్ వైపు, నాకు ఇప్పటికీ ఇది ముచ్చటగానే ఉంటుంది. తర్వాత జపాన్ కంపెనీ టకసాగో వాళ్ల రుథీనియం క్యాటలిస్ట్ రు-మాకో వచ్చింది, మిథైల్ లాక్టేట్‌ను చిరాలిటీ (ఎడమ-కుడి రూపం) పోకుండా ప్రొపేన్ డయోల్ చేయడానికి వాళ్లే పెద్ద ఎత్తున వాడారు. ల్యాబ్‌లో వాడేవాళ్లు దాని బీహెచ్ రకం తీసుకోండి, విడిగా బేస్ (క్షారం) వేయక్కర్లేదు, బేస్ అంటే పడని ఎస్టర్లకు అదే దిక్కు. కాకపోతే ఆటోక్లేవ్ కావాలి, గాలి తగలకుండా చూసుకోవాలి, రుథీనియం అమూల్యమైన లోహం కాబట్టి ఎంత తక్కువ వేసి గట్టెక్కగలరో ముందే చిన్న స్కేల్‌లో చూసుకోవాలి. పూసల్లా వడగట్టి మళ్లీ వాడుకునే సుఖం ఇక్కడ లేదు, ద్రవంలో కరిగిపోయి ఉంటుంది.

మళ్లీ వాడుకోవడం అన్నాను కాబట్టి ఆంబర్‌లిస్ట్‌కే వస్తా. మళ్లీ మళ్లీ వాడొచ్చని అందరూ రాస్తారు, ఎన్నిసార్లు అన్నది మీరు ఏం పోశారన్న దాని మీద ఉంటుంది. శుభ్రమైన ఎసిటిక్ యాసిడ్, మామూలు ఆల్కహాల్ అయితే మెథనాల్ కడుగు, ఓవెన్, మళ్లీ ఫ్లాస్క్, చాలాకాలం నడుస్తుంది. సోడియం, ఇనుము అయాన్లు ఉన్న ముడి సరుకు పోస్తే అవి ప్రోటాన్ల చోట కూర్చుంటాయి, అప్పుడు సజల హైడ్రోక్లోరిక్ యాసిడ్ పారించి, నీళ్లతో కడిగి, మళ్లీ ఆరబెడితే చాలావరకు తిరిగొస్తుంది. జిగురు, తారు చిల్లుల్లో పేరుకుంటే మాత్రం ఏ యాసిడ్డూ కాపాడదు. పూసల రంగు చూసి నిర్ణయించకండి, నల్లబడ్డవి కూడా బాగా పనిచేయడం చూశాను. ఒక గ్రాము ఆరిన పూసలు తీసి ఉప్పు నీళ్లలో కాసేపు తిప్పి, బయటకొచ్చిన ఆమ్లాన్ని 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్, ఫినాఫ్తలీన్‌తో టైట్రేట్ చేయండి. కొత్తవైతే 47 మిల్లీలీటర్ల దగ్గర గులాబీ రంగు నిలుస్తుంది. 35 దాకా పడిపోయినవి నేను టీహెచ్‌పీ ఊడగొట్టే పనికి వేరే సీసాలో పెట్టుకుంటాను, అంతకన్నా తగ్గితే మెథనాల్ పూర్తిగా ఆరబెట్టాకే వ్యర్థాల డబ్బాలోకి.